చిట్టెమ్మ గుండిగ

మా చిన్న పాస్టరు మంచివాడే. ఈ ముక్క ముందు చెప్పేసి తర్వాత తిట్టడం నాకు అలవాటు. పోయిన వారం పై అంతస్తు దాకా మెట్లెక్కి రొప్పుతూ వచ్చి, నా మంచినీళ్ళ గ్లాసు అడక్కుండానే ఎత్తి తాగేసి, "సయామా, ఈ నెల బల్లకి రసం మీరే చెయ్యాలి" అన్నాడు. సయామా అంటే బర్మా భాషలో పంతులమ్మ. బడి మానేసి ఎంతకాలమైనా యాంగోన్‌లో నా పేరు అదే. నెలకొకసారి మా తెలుగు బాప్టిస్టు సంఘంలో ప్రభువు బల్ల ఉంటుంది. మనిషికో రొట్టె ముక్క, చిట్టి గ్లాసులో గుక్కెడు ద్రాక్షరసం. ఇన్నాళ్ళూ ఆ రసం పబేడాన్ బజారు కొట్లలో సీసాల్లో దొరికేది. ఇప్పుడు ఓడ సరుకు రావడం లేదట. ఎక్కడో ఒక సీసా ఉందని వెళ్తే, ధర విని ఉత్త చేతులతో తిరిగొచ్చాడట. "మీ మామ్మగారు ఇంట్లోనే కాచేవారటగా. మీకు వచ్చుగా?" అన్నాడు. వచ్చు. ఎందుకు రాదు? ఎసరు పెట్టడం రాకముందే అది వచ్చు నాకు. ఆ సంగతి చెప్పేలోపే అతను ఈ ఆదివారం ప్రసంగం గురించి మొదలెట్టాడు. కరెంటు లేదు. కింద వీధిలో జనరేటర్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. ఆ రొదలో నాకు వినపడాలని పాపం అతను గొంతు చించుకుని "శాంతి! శాంతి!" అని అరుస్తున్నాడు. నాకు నవ్వు రావాల్సింది. ఒళ్ళు మండింది.

"బాబూ, నేను చెయ్యను" అన్నాను. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉంది, మనసులోనే బాగాలేదు అన్నాను. మనసు బాగాలేకపోతే ప్రార్థన చేద్దామని వెంటనే కళ్ళు మూసుకున్నాడు. ఈ కాలం పిల్లలకి దేనికైనా ఇదే మందు. ఫోను తెరిస్తే చాలు, గులాబీ పువ్వు మీద వాక్యం రాసి పంపిస్తారు, అంతా దేవుని చేతిలో ఉందని ఇంకొకరు పంపిస్తారు. ఉంటే ఉండనివ్వండి, నేను కాదన్నానా? కాదనను. పుట్టినప్పటి నుంచి నమ్ముతున్నాను కనకే నాకు కోపం. నమ్మనివాళ్ళకి దేవుడి మీద కోపమెందుకు వస్తుంది? పాస్టరు ఆమెన్ అని వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతుంటే రెండో అంతస్తులో ఆగి, కరుణ వాళ్ళ తలుపు కొట్టిన చప్పుడు వినపడింది. నేను నా తలుపు కాస్త గట్టిగానే వేశాను.

కరుణ నాకంటే చిన్నది, నన్ను అప్పా అంటుంది. మా వాళ్ళలో అప్ప అంటే అక్క. ఒకే వాడలో పెరిగి, ఒకే బెంచీ మీద పాటలు పాడి, ఇప్పుడు ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నాం. దాని మొగుడు మా వీధిలో పదిళ్ళ పెద్ద. ఆ పెద్దరికం అతను కోరుకున్నదేమీ కాదు, మెడకి తగిలించారు. పటాలానికి కుర్రాళ్ళ పేర్లు చీట్లు వేసి తీస్తామన్నప్పుడు, ఏ ఇంట్లో ఏ వయసువాళ్ళున్నారో చెప్పాల్సింది అతనే. చెప్పాడు. నా కూతురు పోయాక నా చేతుల్లో పెరిగిన మనవడు, ఆశీర్వాదం, వాడి పేరు కూడా చెప్పాడు. చీటీ వాడికే తగిలింది. వాడిని ఇక్కడ ఉంచలేక నేనే పంపేశాను. ఇప్పుడు సరిహద్దు అవతల రొయ్యలు ఒలుస్తున్నాడు. లైను దొరికితే ఫోన్ చేసి, చేతులు పగిలిపోయాయని చెప్పకుండా "బావున్నాను మామ్మా" అంటాడు. కరుణ ఒకసారి పైకి వచ్చింది. "ఆయన సెప్పకపోతే ఇంకోళ్ళు సెప్తారప్పా. పైవాళ్ళు ఊరుకుంటారేటి?" అంది. నేను తలుపేశాను. అప్పటి నుంచి నేను బల్ల తీసుకోవడం లేదు. గ్లాసుల పళ్ళెం నా వరసకి రాగానే తల దించుకుని పక్కవాళ్ళకి అందిస్తాను.

ఎందుకంటే నేను మా మామ్మ దగ్గర పెరిగాను. మామ్మకి చదువు లేదు కానీ చట్టం ఉండేది. బల్లకి రసం పిండే చెయ్యి ఎవరితోనూ తగాదాలో ఉండకూడదు, అదీ చట్టం. మా ఇల్లు అప్పుడు సేక్కాన్‌లో, రేవు పక్కన కూలీల లైన్లలో ఉండేది. చెక్క గోడలు, రేకు కప్పు, పొద్దున్నే నది బురద వాసన, బొగ్గు పొగ, పక్కింటి బర్మావాళ్ళు పులియబెట్టిన చేపల ముద్ద, ఆ ఙపి వాసన, వీటన్నిటి మీదా మామ్మ చుట్ట వాసన. సికాకోలు వైపు నుంచి ఓడ మీద వచ్చిన మనిషి కదా, అడ్డపొగ తాగేది. నిప్పు నోట్లో పెట్టుకుని, ప్రార్థన తప్ప అన్ని పనులూ అలాగే చేసేది. బల్ల ముందు రోజు శనివారం మాత్రం చుట్ట ముట్టుకునేది కాదు. దాంతో పొద్దున్నుంచీ చిరాకే. ఆ చిరాకులో ఇంకో నలుగురితో తగాదా పడి, మధ్యాహ్నం వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి సర్దుకోవాల్సి వచ్చేది. "మీ మామ్మ తగువు తెచ్చుకునేది తీర్చుకోడానికేనే" అని మా అమ్మ నవ్వేది.

సర్దుకోవడం అంటే క్షమించమని అడగడం కాదు. మా లైన్లలో ఆ మాట ఎవరూ నోటితో అనేవారు కాదు, అంటే ఎదుటివాళ్ళు సిగ్గుతో చచ్చిపోతారు. దానికొక పద్ధతి ఉండేది. తగాదా పడిన ఇంటికి వెళ్ళి ఏదైనా వస్తువు అడిగి తెచ్చుకోవాలి. జల్లెడో, కత్తిపీటో, రోకలో. ఇచ్చారంటే సగం అయింది. మిగిలిన సగం తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు. మన ఇంట్లో అలాంటి వస్తువు ఇంకోటి ఉన్నా సరే, అడగాలి. మామ్మ ఇంట్లో జల్లెడ ఉండగా ఊరి జల్లెళ్ళన్నీ మా గోడకి వేలాడేవి. అన్నీ తేలాకే కిస్‌మిస్ నానబోసేది. గోరువెచ్చని నీళ్ళలో అవి ఉబ్బాక చేత్తో పిసికి, ఉతికిన తెల్లగుడ్డలో వడకట్టి, ఒక్క లవంగం వేసి కాచేది. పిప్పి పిల్లలకి. ఆ వాసనతో ఇల్లంతా పండగలా ఉండేది. నాకు పరలోకం అంటే ఇప్పటికీ ఆ వాసనే గుర్తొస్తుంది, బంగారు వీధులు కాదు.

తర్వాత కొట్లన్నీ సర్కారు తీసేసుకున్న కాలం వచ్చింది. మనవాళ్ళు ఓడలెక్కి వెళ్ళిపోతున్నారు. నెల నెలకీ గుళ్ళో ఒక బెంచీ ఖాళీ. ఎవరి దగ్గర పౌరసత్వ కాగితాలు ఉన్నాయి, ఎవరి దగ్గర లేవు, ఇదే మాట. రేవులో పనివాళ్ళని తగ్గించమన్నారు. మా నాన్న పని చేసే ముఠాకి మేస్త్రీ మా వెనక లైను చిట్టెమ్మ మొగుడే. ఎవరిని ఉంచాలో, ఎవరిని తియ్యాలో అతన్నే చెప్పమన్నారు. చెప్పాడు. తీసేసిన పేర్లలో మా నాన్న పేరు ఉంది. "నాను సెప్పకపోతే ఇంకోడు సెప్తాడు" అన్నాడట. అవును, కరుణ చిట్టెమ్మ మనవరాలే. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి ఇలాంటి మొగుళ్ళే ఎందుకు దొరుకుతారో, ఆ ఇంటి పక్కనే మేమెందుకు పుడతామో, పరలోకానికి వెళ్ళాక నేను మొదట అడగబోయేది అదే.

నాన్న పబేడాన్‌లో తోపుడుబండి మీద ఉడికించిన శెనగలు అమ్మడం మొదలెట్టాడు. రాత్రి ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. సరిగ్గా అప్పుడే కిస్‌మిస్ బజారులో మాయమైంది. సంఘంలో పెద్దలు ఈ నెల బల్ల మానేద్దామన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. చలికాలం, గోంగూర మొక్కలకి ఎర్రకాయలు వచ్చాయి. బర్మావాళ్ళకీ మనకీ నాలుక కలిసేది ఆ గోంగూర దగ్గరే, ఎక్కడ చూసినా ఉంటుంది. ఆ కాయల రెక్కలు ఒలిచి తాటిబెల్లంతో కాస్తే రక్తంలా ఎర్రటి రసం వస్తుంది. "దేవుడు రంగు సూత్తాడు, రుసి సూత్తాడేటి?" అని పెద్దల నోళ్ళు మూయించింది. ఆ శనివారం చుట్ట లేకుండా, తలంటు పోసుకుని, నన్ను చెయ్యి పట్టుకుని చిట్టెమ్మ గుమ్మంలోకి తీసుకెళ్ళింది. లోపల మేస్త్రీ మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి గోడ వైపు తిరిగాడు.

చిట్టెమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, "ఏటత్తా?" అంది. తిట్టడానికే వచ్చామనుకుంది.

"మీ ఇత్తడి గుండిగ ఇస్తావేటే? బల్లకి రసం కాయాల" అంది మామ్మ.

చిట్టెమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా గుండిగలో బల్ల రసమా! ఉండత్తా, తోమి నానే అట్టుకొత్తాను" అంది. తోమింది. ప్రేమ కొద్దీ, సిగ్గు కొద్దీ, చింతపండూ బూడిదా వేసి లోపలా బయటా అద్దంలా తోమి, నెత్తిన పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. లోపల ఏ కాస్త తగరపు కళాయి పూత మిగిలుందో అది కూడా ఆ తోముడికి పోయింది. మామ్మ కళ్ళకి పొర. మెరుస్తోంది కదా అనుకుంది. కళాయి లేని ఇత్తడిలో పులుపు పోస్తే ఏమవుతుందో మన ఇళ్ళలో చిన్నపిల్లకి కూడా తెలుసు. మామ్మ గోంగూర రసం కాచి, తెల్లారేదాకా ఆ గుండిగలోనే ఉంచేసింది.

ఆదివారం ఏం జరిగిందో మర్యాదగా ఎలా చెప్పాలో నాకు తెలీదు. దీవెన ప్రార్థన పూర్తి కాకుండానే ముందు వరస లేచి బయటికి పరిగెత్తింది. పాస్టరు గారు ఆమెన్ గుమ్మం బయట అన్నారు. మెట్ల మీద, కాలువ దగ్గర, బస్సులో, ఎక్కడివాళ్ళు అక్కడ కక్కుకున్నారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, అది దేవుడి దయ. కానీ కడుపులు సర్దుకున్నాక నోళ్ళు మొదలయ్యాయి. అయోగ్యంగా బల్ల తీసుకున్నవాళ్ళు మనలో ఎవరో ఉన్నారని ఒక పెద్దాయన అన్నాడు. దాంతో ఎవరికి వాళ్ళు పక్కవాడి వైపు చూడ్డం. మేస్త్రీ పాపమే ఇలా చుట్టుకుందని కొందరు, ఉద్యోగం పోయిన కసితో మా వాళ్ళే ఏదో కలిపారని కొందరు. గుండిగ తిరిగి ఇద్దామని మామ్మ చెయ్యి లోపల పెట్టి తడిమింది. వేళ్ళకి పచ్చటి కిలుము అంటింది. నన్ను పిలిచి, "ఒలే, ఏ రంగులో ఉందే?" అని అడిగింది. పచ్చగా అన్నాను. కళాయి పోయిందని, ఆ కిలుమే అందరి కడుపులూ తిప్పిందని అప్పుడు తెలిసింది ఆమెకి. చిట్టెమ్మ తోమడం వల్ల అని ఒక్క మాట చాలు, మా ఇంటి మీద నింద దిగిపోయేది. ఆ సాయంత్రం పెద్దలు వచ్చి అడిగితే, "నా సేతి తప్పే" అంది.

అక్కడితో ఊరుకుని ఉంటే నేను ఇప్పుడు ఇంత ఇబ్బంది పడేదాన్ని కాదు. మరుసటి నెల శనివారం మళ్ళీ అదే గుండిగ అడిగి తెచ్చింది! ఈసారి తోమనివ్వకుండా ఎత్తుకొచ్చి, నేరుగా కళాయి సాయిబు దగ్గరికి నడిచింది. అతను గుండిగని కొలిమి మీద ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తెల్లటి పొగలో దూదితో తగరం రాస్తుంటే లోపలంతా వెన్నెల పట్టినట్టు అయింది. ఇంటికి వచ్చేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చాలా రోజులకి గొంతు విప్పాడు.

"ఆడింటి గుండిగ మళ్ళీ మనింటికెందుకే అమ్మా? నా కూడు తీసినోడాడు. ఊరంతా కక్కుకుంది సాల్లేదా?"

"ఒకపాలి కక్కుకున్నామని కూడు మానెస్తామేట్రా?" అంది మామ్మ.

"నాను రాను. ఆడు కూకున్న బల్లకాడ నాను కూకోను."

"పెబువు బల్లకాడ యూదా కూకోలేదేటి? ఆయన లెగ్గొట్టినాడేటి?"

నాన్నకి ఒళ్ళు మండిపోయింది. "అయితే నన్ను ఏసుపెబువు అయిపొమ్మంటావా?"

మామ్మ గుండిగ దించి, నడుం పట్టుకుని, తాపీగా అంది. "అంతొద్దు. నువ్వొచ్చి కూకో, సాలు."

వచ్చాడు. గుళ్ళో సగం మందే ఉన్నారు. గ్లాసుల పళ్ళెం తిరుగుతోంది, ఎవరూ తీసుకోవడం లేదు. అందరి చూపూ ఆ ఎర్రటి రసం మీదే. ఆడవాళ్ళు లేచి ముందుకు వెళ్ళే పద్ధతి మా సంఘంలో లేదు. మామ్మ లేచి వెళ్ళి, ఒక గ్లాసు తీసి తాగి, అందరికీ ఎదురుగా ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడింది. కడుపు నొప్పి వస్తుందేమోనని అందరూ ఆమె కడుపు వైపే చూస్తున్నారు. అప్పుడు చిట్టెమ్మ లేచింది. తర్వాత మేస్త్రీ. ఆఖరికి మా నాన్న ఒక గ్లాసు తీసుకున్నాడు. గోంగూర పులుపుకి మొహం చిట్లించుకుని తాగాడు. మేస్త్రీ వైపు చూడలేదు. బతికున్నంత కాలం అతనితో మాట్లాడలేదు కూడా. కానీ సోమవారం నాడు గుండిగ బరువుగా ఉందని భుజాన పెట్టుకుని, చిట్టెమ్మ ఇంటిదాకా మోసినవాడు నాన్నే. గుమ్మం దగ్గర దించి, అవతలి వైపు చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రీ లోపలి నుంచి వచ్చి గుండిగ రెండో చెవి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లోపల పెట్టారు. అంతే జరిగింది. ప్రసంగాల్లో చెప్పే శాంతి ఎలా ఉంటుందో నాకు తెలీదు, నేను కళ్ళారా చూసింది ఇంతే.

ఇది సరిపోతుందా? ఒక్కోసారి అస్సలు సరిపోదనిపిస్తుంది. నాన్న ఉద్యోగం తిరిగి రాలేదు. ఓడలెక్కినవాళ్ళు తిరిగి రాలేదు. అప్పుడు ఓడల్లో పంపారు, ఇప్పుడు అడవి దారుల్లో పోతున్నారు, పేర్లు చెప్పేవాళ్ళు మాత్రం ఎప్పుడూ మన మెట్ల మీదే ఉంటారు. లోకం ఏమైనా బాగుపడిందా అని అడిగితే, లేదు. మామ్మకి నమ్మకం ఎక్కడి నుంచి వచ్చేదో నాకు అర్థం కాదు. లోకం బాగుపడుతుందని ఆమె ఏనాడూ అనలేదు. ఆ బల్ల మాత్రం ఈ నెల జరగాలి, అదొక్కటే ఆమె పట్టు. ప్రభువు విరిగిన రొట్టే ఇచ్చాడు కదా, విరగని లోకం ఇస్తానని చెప్పలేదు కదా అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు కూడా నాకు కోపం తగ్గదు. మామ్మ పోగొట్టుకున్నది కొడుకు ఉద్యోగం, నేను పోగొట్టుకున్నది నా పిల్లవాణ్ణి అనుకుంటాను. అంతలోనే ఆశీర్వాదం ఫోన్ చేస్తాడు. నిన్న చేశాడు. "మామ్మా, బల్ల ఆదివారం కదా? నా పేరు తలుచుకుని తీసుకో" అన్నాడు. నేను తీసుకోవడం మానేశానని వాడికి తెలీదు. సరేనన్నాను. సరేనన్నాక ఇంకేం చెయ్యను?

ఇవాళ శనివారం. పొద్దున్నే బజారుకి వెళ్ళి గోంగూర కాయలు తెచ్చాను. రెక్కలన్నీ ఒలిచి స్టీలు గిన్నెలో వేశాను. గిన్నె ఉంది, బెల్లం ఉంది, బొగ్గు ఉంది. లేనిదొక్కటే, తగాదా లేని చెయ్యి. చాలాసేపు ఆ ఎర్రటి రెక్కల్ని చూస్తూ, మామ్మని తిట్టుకుంటూ కూర్చున్నాను. తర్వాత చెప్పులేసుకుని రెండంతస్తులు దిగాను. తలుపు కరుణే తీసింది. నన్ను చూసి తలుపు రెక్క గట్టిగా పట్టుకుంది. లోపల టీవీ దగ్గర దాని మొగుడు తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ తిప్పడం నేను ఇంతకు ముందు చూసిందే.

"మీ మామ్మ గుండిగ ఉందా?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినపడింది.

కరుణ మంచం కింద నుంచి లాగింది. నిండా ఉల్లిపాయలు. గబగబా నేల మీద కుమ్మరించి, లోపలికి తొంగి చూసి, "అయ్యో, కళాయి మొత్తం పోయిందప్పా. ఇప్పుడు ఏసేవోళ్ళెవరూ లేరు కదా. ఉండు, తోమి ఇస్తాను" అంది. కళ్ళు తుడుచుకుంటూనే బూడిద డబ్బా కోసం వంగింది.

"తోమొద్దు!" అని అరిచాను. మెట్లన్నీ మారుమోగాయి. అది బెదిరిపోయి నా వైపు చూసింది. "తోమకే తల్లీ, ఎలా ఉందో అలాగే ఇయ్యి" అన్నాను.

కరుణ నెత్తిన పెట్టుకుని తెచ్చిన గుండిగ ఇప్పుడు నా వంటింట్లో ఉంది. అడుగున ఉల్లిపొట్టు అంటుకుని ఉంది. రసం స్టీలు గిన్నెలోనే కాస్తున్నాను, నాకు మతి పోలేదు. కరుణ మొగుడితో నేను మాట్లాడతానని ఎవరూ అనుకోవద్దు. ఆశీర్వాదం వచ్చేదాకా నా కోపం నా దగ్గరే ఉంటుంది. రేపు పళ్ళెం నా వరసకి వచ్చినప్పుడు మొహం చిట్లించుకునైనా సరే, తీసుకుంటాను. సోమవారం గుండిగ తిరిగి ఇవ్వాలి. బాగా బరువు, ఒక్కదాన్నే మెట్ల మీద దించలేను. రెండో చెవి పట్టుకోడానికి ఎవరో ఒకరు పైకి రావాలి.